ఎడమచేత్తో తాకిన టోపీ

చొక్కా గొడవ పొద్దున కాఫీల దగ్గర మొదలైంది. చర్చికి వెళ్ళేటప్పుడు కారెక్కింది, ప్రార్థన సాగినంతసేపూ కాస్త ఊరుకుంది, తిరిగొచ్చాక తిన్నగా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. కూతురు జోలీన్ ఆ పాత బేస్‌బాల్ జట్టు చొక్కాని దేవదారు పెట్టె అడుగునుంచి వెతికి తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి, వాళ్ళ నాన్న రోజూ కూర్చునే కుర్చీ వీపుకే తగిలించింది. వెండెల్ ఆ కుర్చీ వదిలేసి కిటికీ పక్క స్టూలు మీదికి మారాడు. తను గళ్ళ చొక్కాలోనే వెళ్తానని మళ్ళీ చెప్పాడు.

"నాన్నా, ఆ మైదానంలో ఇవాళ సాయంత్రమే ఆఖరి ఆట. తర్వాత పడగొట్టేస్తున్నారు. ఆట మొదలయ్యేముందు లాంఛనంగా మొదటి బంతి వెయ్యమని నిన్ను పిలిచారు, ఇంకెవర్నీ కాదు. ఈ గళ్ళ చొక్కాలో బంతి వేసే దిబ్బ మీదకెళ్తే గడ్డి కోసేవాడు దారి తప్పి వచ్చాడనుకుంటారు."

"గడ్డి కోసేవాణ్ణి ఎవరూ కెమెరాలు పెట్టి చూడరు. హాయిగా తన పని తను చేసుకుంటాడు," అన్నాడు వెండెల్ పేపరు మడుస్తూ.

అల్లుడు మార్టీ నవ్వాడు. వెండెల్ తల్లి ఆగ్నెస్‌కి తొంభై దగ్గర పడుతున్నా తనకి కావలసిన మాటలన్నీ వినపడతాయి. ఆవిడ క్యాబేజీ తరుగుతూనే తలెత్తకుండా, "చొక్కా సంగతి కాదే పిల్లా, పొట్ట సంగతి. అందులో పట్టనని వాడికి తెలుసు. మొగాళ్ళ సిగ్గంతా పొట్ట దగ్గరే ఉంటుంది," అంది. అందరూ నవ్వారు. ఆ మాట ఎవరో చెయ్యందించి గట్టెక్కించినట్టనిపించిందేమో, వెండెల్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. అతని భార్య లోర్నా నవ్వలేదు. పొయ్యి దగ్గర నిలబడి, మరుగుతున్న నీళ్ళలోకి పిండిముద్దలు ఒక్కొక్కటే జారవిడుస్తూ కుర్చీ వీపున ఉన్న ఆ చొక్కా వైపు చూసింది. ఆ రోజుల్లో జట్టు చొక్కాలకి బొత్తాలుండేవి కావు. రెండు చేతులూ పైకెత్తి తలమీంచి దించుకోవలసిందే.

మూత పెట్టేసింది. ఇక తియ్యకూడదు. మధ్యలో మూత తీస్తే ముద్దలు కూలిపోయి రాళ్ళవుతాయని పెళ్ళయిన కొత్తలో ఈ వంటింట్లోనే ఆగ్నెస్ నేర్పింది, నేర్పింది అనేకంటే చేతిమీద చెంచాతో ఒక్కటేసి చెప్పింది అనాలి, ఎలా ఉన్నాయో అని ఆత్రపడకు, లోపల వాటి పని అవి చూసుకుంటాయి అని. అప్పట్నుంచీ ఎన్ని ఆదివారాలో, పొయ్యిలో పంది మాంసం వేగుతూ, ఈ గిన్నె మీద మూత ఇలా చిన్నగా అదురుతూ, తను పక్కన నిలబడి లోపల ఏం జరుగుతోందో తెలియనట్టు. తెలియనట్టు ఉండటంలో ఈ ఇంట్లో తనని మించినవాళ్ళు లేరు. కప్పుల కోసం చెయ్యి చాపితే నడుము దగ్గరి అరలో తగులుతాయి. పింగాణీ పళ్ళేలు, పంచదార డబ్బా, వెండెల్ మందులు, అన్నీ కిందే. పై అరలన్నీ ఖాళీ, వాటిలో పండగలప్పుడు తీసే గాజు పాత్రలు తప్ప ఏమీ ఉండవు. కొట్టుగది దీపానికి వేలాడే గొలుసుకి తనే ఇంకో మూరెడు దారం ముడేసింది. ఏ సంవత్సరమో గుర్తులేదు. వెండెల్ ఒకరోజు వచ్చి ఆ దారం లాగాడు, దీపం వెలిగింది, ఏమీ అనలేదు. క్రిస్మస్‌కి జోలీన్ ఏటా ఒక ఊలు స్వెట్టరు కొనేది, అది దుకాణానికి తిరిగి వెళ్ళి ముందు బొత్తాలున్నదిగా మారి వచ్చేది, మీ నాన్నకి మెడ దగ్గర దురద అని తను చెప్పేది. దురద. ఇన్నేళ్ళూ ఒక దురదని సాకింది. ఇంటికొచ్చిన వాళ్ళు ఏం పొందిక, ఎంత అందుబాటుగా సర్దుకున్నావు లోర్నా అని మెచ్చుకునేవారు. ఒక మనిషి కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవకపోతే ఇల్లు ఎంత ఎత్తుండాలో అంతే ఎత్తున్న ఇల్లు ఇది.

ఆ చెయ్యే. స్కూలు విడిచిన ఏడు ఆ చేతి కోసమే కదా షికాగో నుంచి పెద్ద కారులో ఆటగాళ్ళని ఏరుకునే మనిషి వచ్చి ఇదే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆగ్నెస్ గసగసాల కొలాచీ బన్నులు పెట్టింది, ఆయన తింటూ తింటూ మీ అబ్బాయి చేతిలో దేవుడు కూర్చున్నాడండీ అన్నాడు. అయితే దేవుణ్ణి కాస్త చేతులు కడుక్కుని భోజనానికి రమ్మనండి అందిట ఆగ్నెస్. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. తర్వాత ఊళ్ళూ, బస్సులూ, అద్దెకి తీసుకున్న నేలమాళిగ గదులూ. మూడో మెట్టు జట్టు, రెండో మెట్టు జట్టు, ఒక్కో మెట్టూ ఎక్కడానికి రెండేళ్ళో మూడేళ్ళో, ఆఖరి మెట్టు ఈ నగరపు జట్టు, దాని పైన ఇంకేమున్నాయి, టీవీలో కనిపించే జట్లే. పెళ్ళయిన మొదటి వేసవిలో వాళ్ళకి భోజనాల బల్ల లేదు, ఇస్త్రీ బల్ల మీదే తిన్నారు. వెండెల్ ఊళ్ళు తిరుగుతుంటే తను రాత్రిళ్ళు రేడియో చెవి దగ్గర పెట్టుకునేది, గరగరల మధ్య హ్రూస్కా అన్న వాళ్ళ ఇంటిపేరు వినపడితే చాలు, ఏం చేశాడన్నది తర్వాత. సొంత ఊళ్ళో ఆట ఉంటే మాత్రం ఆటగాళ్ళ భార్యల వరసలో కూర్చుని చూసేది. బంతి వేసేముందు ప్రతిసారీ కుడిచేతి రెండు వేళ్ళతో టోపీ అంచు తాకేవాడు. ప్రతిసారీ. బంతి పట్టే తోలు తొడుగు ఎడమచేతికి ఉండేది కదా, కుడిచెయ్యే ఖాళీ. మిగతావాళ్ళకి అదొక అలవాటు. తనకి మాత్రం అది, ఇక్కడున్నానులే అని చెప్పడం.

ఆ సాయంత్రం ఆగస్టు ఎండ మైదానం మీద పడమటినుంచి ఏటవాలుగా పడుతోంది. తనకి ఏడో నెల. జోలీన్ లోపల్నుంచి తంతోంది. సెప్టెంబరులో నిన్ను పైకి పిలుస్తారని మేనేజరు ఆటకి ముందే వెండెల్ చెవిలో వేశాడు, వెండెల్ తన చెవిలో వేశాడు, ఇద్దరూ ఇంకెవరికీ చెప్పలేదు. మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికి అవతలివాళ్ళు ఒక్కరూ మొదటి బేస్‌కి చేర్చే హిట్ కొట్టలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో జనం గుసగుసలాడటం మొదలెట్టి, ఆ తర్వాత అదీ మానేశారు. మానెయ్యాలి మరి. ఒక పిచర్, అంటే బంతి వేసేవాడు, అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆటని నెట్టుకొస్తుంటే ఆ సంగతి ఎవరూ నోట అనకూడదు. అంటే ఆ అదృష్టం పోతుంది. అతన్ని పలకరించకూడదు, అతని పక్కన కూర్చోకూడదు, కూర్చున్న చోటునుంచి మనం కదలకూడదు. ప్రాణస్నేహితుడు, అతని బంతులన్నీ పట్టే క్యాచర్ ఆజీ కూడా బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. ఈ చివర వెండెల్ ఒక్కడే, భుజం మీద తువ్వాలు కప్పుకుని, అంటురోగం ఉన్నవాడిలా. చదువుకున్నవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు, పిల్లల తల్లిదండ్రులు, అంతమందీ ఊపిరి బిగబట్టి అతన్ని ఒంటరిగా వదిలేశారు, అతని మీద ప్రేమతోనే.

ఐదో ఇన్నింగ్స్. రెండో బ్యాటర్ అవుటయ్యాక వెండెల్ దిబ్బ వెనక్కి నడిచి, మళ్ళీ వచ్చి, టోపీ అంచు తాకాడు. తొడుగున్న చేత్తో. ఎడమచేత్తో. తన చేతిలోని వేరుశనగ గింజ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ చూసింది. మళ్ళీ ఎడమచేత్తోనే. కుడిచెయ్యి నడుం పక్కన వేలాడుతోంది, వేరే ఎవరిదో చెయ్యి అతని దగ్గర దాచిపెట్టుకోమని ఇచ్చినట్టు. అంతమంది జనంలో ఆ సంగతి తనకొక్కదానికే తెలిసింది. వాళ్ళందరూ బంతిని చూస్తున్నారు, తను మనిషిని చూస్తోంది. ఆరో ఇన్నింగ్స్ అవగానే లేచి నిలబడింది. పది మెట్లో ఎన్నో దిగితే కంచె, కంచె పక్కనే జట్టు వైద్యుడు. అతని భుజానికేదో అయింది, ఆపండి అని అంటే చాలు. మేనేజరు భార్య బెర్నీస్ తన మోకాలి మీద చెయ్యి వేసింది. "కూర్చో తల్లీ. ఇప్పుడు లేస్తే ఎలా? ఓర్చుకో, మేమందరం ఓర్చుకున్నవాళ్ళమే," అంది. బాత్‌రూంకి వెళ్తోందనుకుంది పాపం. ముందు వరసలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. కూర్చుంది. కూర్చుంది కదా. ఇప్పుడు తలుచుకుంటే ఆ సాయంత్రంలో తనకి ఆటంతా గుర్తులేదు, కాళ్ళ కింద వేరుశనగ తొక్కలు పటపటలాడిన చప్పుడూ, బెర్నీస్ చేతి ఉంగరం చల్లదనమూ, తను మళ్ళీ కూర్చున్నప్పుడు చెక్క బెంచీ చేసిన చప్పుడూ, ఇవే. ఆఖరి బంతి వేశాక అందరూ అతని మీద పడ్డారు. భుజాలకెత్తుకున్నారు. ఆ భుజాన్నే పట్టుకుని ఎత్తుకున్నారు.

కారు దగ్గర నువ్వు నడుపు అన్నాడు. అంతకుముందెప్పుడూ అనలేదు. ఎంత బాగా వేశావు వెండెల్ అంది తను. ఎందుకు నడపమంటున్నావని అడగలేదు. ఇక అప్పుడు మాట్లాడినా పోయేదేముంది, ఆట అయిపోయిందిగా, నోటికి కట్టిన తాడు ఎందుకు విప్పుకోలేదు? బహుశా అతని ముఖం చూసి. దీపాల వెలుగు అతని ముఖం మీద పడి పోతూ పడి పోతూ ఉంటే, అంత సంతోషంగా, అంత తెల్లగా పాలిపోయి, దాన్ని పాడు చెయ్యడం ఎలా అనుకుంది. మర్నాడు ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాడు. పడుకున్న తీరు బాగాలేదు, చెయ్యి పట్టేసింది అన్నాడు. అవును, ఆ పరుపే అంత అంది. తర్వాతి వారం ఇంకో ఊళ్ళో చలివానలో ఆడుతుంటే భుజం పోయిందని కబురొచ్చింది. వాన వల్లే అన్నాడు డాక్టరుతో, మేనేజరుతో, తల్లితో. ఆ మాట రాసుకున్నారు, నమ్మారు. కోశారు, కుట్టారు, నయమైందన్నారు, రెండేళ్ళు కిందిమెట్టు జట్లలో మళ్ళీ ప్రయత్నించాడు, ఒక వసంతకాలం పొద్దున వెళ్ళేసరికి జట్టు గదిలో అలమార మీద తన పేరు రాసి అంటించిన పట్టీ లేదు. సెప్టెంబరులో తన బదులు పైకి వెళ్ళిన కుర్రవాణ్ణి టీవీలో చూస్తూ, "మంచి బంతి, మంచి బంతి," అంటూ ఉండేవాడు, పళ్ళెంలో ఉన్నది చల్లారిపోయేదాకా. ఆ మాట వినలేక తను గిన్నెలు కడిగేది, కడిగినవే మళ్ళీ.

ఆ తర్వాత ఇనప సామాన్ల దుకాణం. మేకులు తూచేటప్పుడు, రంగు డబ్బాలు కలిపేటప్పుడు, ఎవరో ఒకరు, నువ్వే కదా ఆ ఆట ఆడింది, నేనున్నాను ఆ రోజు, మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను అనేవారు. ఉన్నామని చెప్పినవాళ్ళంతా నిజంగా ఉంటే మెట్లు విరిగి చచ్చేవాళ్ళం అంటుంది ఆగ్నెస్. ఊరికి అతను ఆ ఒక్క సాయంత్రమే. అందులో నొప్పి లేదు, వాన లేదు, ఎండలో మెరిసే తెల్ల చొక్కా ఒక్కటే ఉంది. అది పోతే అతనికి ఇంకేముంది అనుకుని కదా ఇన్నేళ్ళూ మూత తియ్యలేదు. అతని కోసమే అనుకుంది. కాదేమో. అడిగితే, నీకు తెలుసా, మరి ఎందుకు రాలేదు అని అతను అడుగుతాడని కాదూ? ఆ దిబ్బ మీదికే మళ్ళీ పిలిచారు. సరే వస్తానన్నాడు. ఫోను పెట్టేశాక రెండు రోజులు దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చాడు. వెనక గోడకి బంతి వేసి చూసుకున్నాడేమో, ఎంత దూరం పోతుందో. పోలేదని అతని నడకే చెప్పింది. ఇవాళ అందరి ముందూ ఆ చెయ్యి లేవదు, బంతి కాళ్ళ దగ్గర పడి దొర్లుతుంది, జనం జాలిగా చప్పట్లు కొడతారు. అదీ తను చూస్తుంది, మెట్ల మీద కూర్చుని, ఓర్చుకుని.

పెరట్లోంచి మార్టీ గొంతు వినపడింది. ఎక్కణ్ణించో రెండు తొడుగులు పట్టుకొచ్చాడు. "పెద్దాయనా, భోజనం లోపల రెండు బంతులు వేద్దాం రా. సాయంత్రం తుప్పు కనిపించకూడదు కదా," అంటున్నాడు. వద్దంటాడనుకుంది. కానీ వెండెల్ స్టూలు మీంచి లేచాడు, వంకీకి ఉన్న టోపీ తీసి పెట్టుకున్నాడు, వెళ్ళాడు. జోలీన్ ఫోను తీసుకుని వెనకే వెళ్ళింది, ఆగ్నెస్ చేతికర్రతో జాలీ తలుపు దాకా. కిటికీలోంచి లోర్నాకి అంతా కనిపిస్తోంది. మార్టీ కంచె దగ్గర గొంతుక్కూర్చుని తొడుగు చాచాడు. వెండెల్ బంతిని చేతిలో తిప్పుతున్నాడు. గాలి ఎక్కువగా ఉందన్నాడు. మార్టీ, గాలా, ఆకు కూడా కదలడం లేదు అన్నాడు. వెండెల్ ఒకసారి వెనక్కి నడిచాడు, మళ్ళీ వచ్చాడు. టోపీ అంచు తాకాడు, తొడుగున్న చేత్తో.

లోర్నా గిన్నె మీది మూత తీసి బల్ల మీద పెట్టింది. ఆవిరి ముఖాన కొట్టింది.

"లోర్నా, మూత," అంది ఆగ్నెస్ తలుపు దగ్గర్నుంచే, వాసన పట్టినట్టు.

"తెలుసు," అని ఆవిణ్ణి దాటుకుని మెట్లు దిగింది. ఈ పెరటి మెట్లు ఎన్నో లేవు. చేతులు పిండితో ఉన్నాయి. అతని ఎదురుగా నిలబడింది. అంత దగ్గర నిలబడితే అతను వేసుకున్న షేవింగు లోషను వాసన, ఎడమచేత్తో గీసుకోవడం వల్ల దవడ కింద ఎప్పుడూ మిగిలిపోయే ఆ కాసిని వెంట్రుకలు.

"వెండెల్, భుజం నొప్పిగా ఉందా?"

ఎంత చిన్న మాట. ఒక్క ఊపిరి కూడా పట్టలేదు. జోలీన్ చేతిలో ఫోను మెల్లగా కిందికి దిగింది. వెండెల్ బంతి మీది ఎర్ర కుట్లని బొటనవేలితో తడిమాడు.

"ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఐదో ఇన్నింగ్స్ నుంచి," అన్నాడు. ఏ ఆటలో అని ఎవరూ అడగలేదు.

"చూశాను. టోపీ ఎడమచేత్తో తాకావు."

అతను తలూపాడు. తర్వాత, నేరం మోపుతున్నట్టు కాకుండా, చాలా రోజులుగా జేబులో ఉన్న వస్తువేదో తీసి చూపిస్తున్నట్టు, "నువ్వు లేచావు కదా అప్పుడు. బెంచీ మీంచి నిన్నే చూస్తున్నాను. వస్తున్నావనుకున్నాను," అన్నాడు. "మళ్ళీ కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"నీకప్పుడు ఏడో నెల. బాత్‌రూంకి అనుకున్నాను తర్వాత."

కాదని చెప్పింది. పిండి చేత్తోనే అతని చేతిలోని బంతి తీసుకుని ఏప్రాన్ జేబులో వేసుకుంది. మార్టీ ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాడు, లేవాలో వద్దో తెలియక. ఎక్కడో పక్కింటివాళ్ళ గడ్డి కోసే మిషను ఆగి, మళ్ళీ మొదలైంది. ఏడవాలని ఉంది కానీ పొయ్యిలో మాంసం మాడుతుందని గుర్తొచ్చింది, లోపలికి వెళ్ళి తీసింది.

ముద్దలు కూలిపోయాయి. బల్లచెక్కల్లా అయ్యాయి. ఆగ్నెస్ ఒకటి పళ్ళెంలో వేసుకుని కత్తితో తట్టి చూసింది, ఇంకో రోజైతే దాని మీద ఒక పూట ప్రసంగం ఉండేది, ఇవాళ మారుమాట లేకుండా గ్రేవీ పోసుకుని తినడం మొదలెట్టింది. తింటూనే ఎడమచెయ్యి చాపి కొడుకు మోచేతి మీద పెట్టి, వానే అనుకున్నానురా ఇన్నేళ్ళూ అంది, తనలో తను అనుకున్నట్టు. మార్టీ తొడుగులు రెండూ కుర్చీ కిందికి తోశాడు. జోలీన్ లేచింది, తండ్రి కుర్చీ వీపునుంచి చొక్కా తీసి, చేతులు లోపలికి మడిచి, పసిపిల్ల బట్టల్ని మడిచినట్టు మడిచి పక్కన పెట్టింది. వెండెల్ స్టూలు మీంచి లేచి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఫోర్కు ఎడమచేత్తోనే తీసుకున్నాడు. క్యాబేజీ గిన్నె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి బల్లంతా తిరిగి అతని దగ్గరికొచ్చి ఆగింది.

"సాయంత్రం వెళ్తాను," అన్నాడు గిన్నెలోకి చూస్తూ. "గళ్ళ చొక్కాతోనే. బంతి మాత్రం వెయ్యను. ఎందుకని మైకులో అడిగితే, నా భుజం ఈ దిబ్బ మీదే పోయింది, ఆ రోజే పోయింది అని చెప్తాను." కాస్త క్యాబేజీ వడ్డించుకున్నాడు, గిన్నె లోర్నా వైపు జరిపాడు. "లోర్నా నాతో పాటు మెట్లు దిగి వస్తుంది."